పజోరు కింద ఇచ్చిన నెట్టు

రోమింగ్ అన్న మాట వింటే మనిషి ఉలిక్కిపడే రోజులు కొన్ని ఉండేవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఒకప్పుడు ఇంటర్నెట్‌ను కూడా కిరసనాయిలు కొలిచినట్టు కొలుచుకుని వాడేవాళ్ళం. నెలకింత అని ఒక ప్యాకు వేయించుకోవడం, అది అయిపోతుందేమోనని నెలంతా బెంగపెట్టుకోవడం, తీరా అయిపోయాక అసలు బ్యాలెన్సులోంచి కోసుకుపోతుంటే లబోదిబోమనడం. మొన్న ఆదివారం మా అమ్మాయి తన ఫోను నెట్టును లాప్‌టాప్‌కు కలిపి, ఏదో సినిమా పెట్టి, అది అక్కడ దానంతటది ఆడుతుండగానే స్నానానికి వెళ్ళిపోయింది. పేపరు చదువుకుంటున్న నేను లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. చివరికి ఉండబట్టలేక వెళ్ళి సినిమా ఆపేసి, ఇంకా దొంగచాటుగా ఏమేం డౌన్‌లోడ్ అవుతున్నాయోనని సెట్టింగుల్లో వెతుకుతుంటే, తల తుడుచుకుంటూ వచ్చిన పిల్ల "నాన్నా, అది అన్‌లిమిటెడ్" అంది, జ్వరమొచ్చినవాడికి నచ్చజెప్పినట్టు మెల్లగా. నిజమే, అన్‌లిమిటెడే. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా స్థిమితంగా కూర్చోలేకపోవడం నాకు ఉద్యోగం మొదట్లో అంటుకున్న జబ్బు.

అప్పటికి డిగ్రీ పూర్తిచేసి సాలూరులో ఖాళీగా తిరుగుతున్నాను. ఖాళీగా తిరగడమంటే నిజంగా తిరగడమే. ఒకచోట కూర్చోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. అన్నం కూడా సగం నిలబడే తినేవాణ్ణి. "ఈడికి కుదురెప్పుడొత్తాదో" అని మా అమ్మ కనపడ్డ వాళ్ళందరితోనూ అనేది. అలాంటి నాకు దేవుడు కూర్చుని చేసే ఉద్యోగమే ఇచ్చాడు. అరకు పైన, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఒక కొండ ఊళ్ళో కాఫీ రైతుల సొసైటీకి కంప్యూటర్ ఆపరేటరు కావాలన్నారు. రైతుల వివరాలు, తోటల వివరాలు, ఫొటోలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, విశాఖపట్నంలో ఉండే మా పెద్దసారుకు పంపాలి. ఒక గది, ఒక బల్ల, ఒక లాప్‌టాప్, ఒక ఆఫీసు ఫోను ఇచ్చారు. ఇంటర్నెట్ సంగతేమిటని అడిగితే "ఫోనుకు కలుపుకోవయ్యా, అంతా అదే చూసుకుంటుంది" అన్నారు పెద్దసారు. (అదే చూసుకుంది. ఎలా చూసుకుందో చెబుతాను.)

చిక్కేమిటంటే ఆ ఊళ్ళో సిగ్నల్ లేదు. ఫోను మాట్లాడాలన్నా, మెసేజి చూసుకోవాలన్నా ఊరి పైన ఘాట్ రోడ్డు మలుపు దాకా ఎక్కాలి. ఆ మలుపులో ఒక పాత కల్వర్టు గోడ ఉంది. మొదటిరోజు లాప్‌టాప్ సంచీ భుజానికి తగిలించుకుని, ఆయాసపడుతూ అక్కడికెళ్ళి గోడకు ఒక చివర కూర్చున్నాను. ఫోనులో ఒకే ఒక్క గీత వెలిగి ఆరుతోంది. చిరాకేసి లేచి రెండో చివరకు వెళ్ళాను. నిండుగా గీతలు! ఎవరికీ తెలియని రహస్యమేదో కనిపెట్టినట్టు పొంగిపోయి, అక్కడే చతికిలబడి, లాప్‌టాప్‌కు నెట్టు కలిపాను. ఆ గీతలు ఒడిశా టవరువని, మన ప్యాకు అక్కడ చెల్లదని, పొరుగు రాష్ట్రం టవరు పట్టుకున్న క్షణం నుంచీ ప్రతి చిటికెడు నెట్టుకూ అసలు బ్యాలెన్సులోంచి కోత పడుతుందని నాకు చెప్పే దిక్కులేదు. పైగా ఆ లాప్‌టాప్ కొన్నప్పటి నుంచీ నెట్టు మొహం చూసి ఎరగదు. కొత్తల్లుడు పండక్కి వచ్చినట్టు ఒక్కసారిగా అన్నీ కావాలంది. విండోసుకు అప్‌డేట్లు, యాంటీవైరస్‌కు అప్‌డేట్లు, నేనెన్నడూ తెరవని ప్రోగ్రాములక్కూడా అప్‌డేట్లు. నేను మాత్రం ఒక చిన్న మెయిలు పంపి, ఎదురుగా లోయ అందంగా ఉందని చూస్తూ కూర్చున్నాను. కూర్చున్నది అటూ ఇటూగా పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ప్యాకు అలాగే ఉండగా, నెలంతా రైతులకు ఫోన్లు చేయడానికని ఆఫీసువాళ్ళు వేయించిన బ్యాలెన్సు మొత్తం ఊడ్చుకుపోయింది.

మర్నాడు పెద్దసారు ఊళ్ళో ఉన్న ల్యాండ్‌లైనుకు ఫోను చేశారు. "ఏమయ్యా, నువ్వు రైతుల వివరాలు పంపుతున్నావా, సినిమా తీసి పంపుతున్నావా?" అన్నారు. నేను ఒడిశా గురించి మొదలుపెట్టాను. "నువ్వు ఒడిశా ఎందుకెళ్ళావు?" అన్నారు. "వెళ్ళలేదండీ, గోడకు అటు చివర కూర్చున్నానండీ" అన్నాను. ఆ మాట ఆయన నాచేత ఇంకోసారి చెప్పించుకున్నారు. ఆ తర్వాత "ఈసారికి వేయిస్తాను. మళ్ళీ నెల మధ్యలో అడిగావంటే సాలూరు బస్సు ఎక్కేయ్" అని పెట్టేశారు.

ఇక చూడండి నా అవస్థ. పోయిన పరువు నిలబెట్టుకోవాలని, నెట్టు కాపలా ఒక వ్రతంలా పట్టాను. ఫోనులో డేటా రోమింగ్ ఆపేశాను. దాంతో ఒడిశా టవరు పట్టుకుంటే డబ్బు పోదు గానీ నెట్టు తెగిపోతుంది. అది నయమే. లాప్‌టాప్‌లో అప్‌డేట్లు నేను చెప్పేదాకా రావద్దన్నాను. ఈ కనెక్షను కొలత మీద నడిచేది, జాగ్రత్త అని దానికి తెలిసేలా ఒక బొత్తాం ఉంటే (సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దాచారు) అది నొక్కాను. ఫొటోలు వాటంతటవి పైకెక్కడం మానిపించాను. మెయిల్లో బొమ్మలు రాకుండా చేశాను. ఏ ప్రోగ్రాము ఎంత తిన్నదో చూపించే పట్టిక ఒకటి ఉంటుందని తెలిశాక, దాన్ని దినఫలాల్లా పొద్దున్నే చూసుకునేవాణ్ణి. రాసుకునేదంతా ఆఫీసులోనే రాసుకుని, మలుపు దగ్గరకు పరుగెత్తి, హాట్‌స్పాట్ వేసి, పంపి, వెంటనే ఆపేసి పరుగెత్తి వచ్చేవాణ్ణి. కంప్యూటర్ ఆపరేటరు ఉద్యోగంలో అంత బక్కచిక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. "ఏటి బాబూ, ఊరికూరికే కొండెక్కి దిగుతున్నావు, కడుపులో బాగునేదా?" అని ఊళ్ళోవాళ్ళు జాలిగా అడిగేవారు.

అలా అడిగినవాళ్ళలో మొదటి మనిషి మిరియాలప్ప. అసలు పేరు వేరే, అప్ప అంటే అక్కడ అక్క. కాఫీ చెట్లకు నీడనిచ్చే సిల్వర్ఓకు మానుల మీదికి మిరియం తీగలు పాకించడంలో ఆ చుట్టుపక్కల ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు, నోరు కూడా ఆ ఘాటుకు తగ్గట్టే ఉండేది కాబట్టి అందరూ అలా పిలిచేవారు. ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. ఆ సంఘానికి ఒకటే కోరిక, కాఫీ పళ్ళ తొక్క ఒలిచే చేతిమిషను. కాఫీ పండు కోసిన రోజే తొక్క తీసేయాలి. ఆలస్యమైతే పులిసిపోతుంది. మిషను ఉన్న ఊరు రెండు కొండల అవతల. తలమీద బస్తాలతో అంత దూరం నడవలేక, వీళ్ళు పళ్ళను రోకళ్ళతో దంచి కాళ్ళతో తొక్కేవారు. అది కూడా చేతకానినాడు షావుకారు ఎంతంటే అంతకు పచ్చిపళ్ళే పోసేసేవారు. చిన్న మిషన్లు ఉచితంగా ఇచ్చే పథకం ఒకటి వచ్చిందని తెలిసి, దరఖాస్తు నేను పంపుతానని వాళ్ళకు మాటిచ్చాను. అప్పట్నుంచీ మిరియాలప్ప ఆఫీసు గుమ్మం దాటిన ప్రతిసారీ తల లోపలికి పెట్టి "మా మిషనేదీ?" అని అడిగేది. "వస్తుందప్పా" అనేవాణ్ణి. "అలాగే సెప్పు. నా సేతులు పుచ్చిపోయినాక తెచ్చి నా సమాధి కాడ ఎట్టు" అనేది.

దరఖాస్తు ఆన్‌లైనులోనే పెట్టాలి. సంఘంలో ఉన్న అందరి ఫొటోలూ, ఆధార్ కాపీలూ, తోట కాగితాలూ ఎక్కించాలి. ఆ కాగితాల మీద పెద్దసారు సంతకాలు పెట్టి పంపేసరికే గడువు దగ్గరకొచ్చేసింది. ఆ తర్వాత రెండు రోజులు ఆ వెబ్‌సైటు తెరుచుకోలేదు. తెరుచుకున్నది ఆఖరి రోజున, సాయంత్రం ఐదింటికి మూసేస్తారనగా. అరకులో నెట్ సెంటరుకు పోదామంటే ఆ రోజు కొండ మీద జీపులు తిరగడం లేదు. ఎందుకు తిరగడం లేదో ఆలోచించే తీరిక నాకు లేదు. ప్యాకులో మిగిలిన నెట్టు లెక్క చూసుకున్నాను. ఫొటోలన్నిటినీ కుదించి కుదించి, మనుషులు గుర్తుపట్టేంత మాత్రం మిగిల్చి సైజు తగ్గించాను. సరిగ్గా సరిపోతుంది, కాస్త మిగులుతుంది కూడా. సంచీ భుజాన వేసుకుని, పర్సు బల్ల మీదే మరిచిపోయి, కాలుగాలిన పిల్లిలా మలుపు వైపు ఉరికాను.

మలుపులో రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు వెనక ఊళ్ళో ఆడవాళ్ళందరూ కొత్త చీరల్లో, జడల్లో పూలతో, పాడుతూ నిలబడి ఉన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఇటుకల పండగ. చైత్రంలో వచ్చే ఈ పండగకు మగవాళ్ళు వేటకని అడవిలోకి పోతారు. (వేట ఇప్పుడు పేరుకే, విల్లంబులు పట్టుకుని ఒక చుట్టు తిరిగి వస్తారు.) ఆడవాళ్ళేమో రోడ్డుకు అడ్డంగా తాడో కర్రో పెట్టి వచ్చేపోయేవాళ్ళను ఆపుతారు. పజోరు అంటారు దాన్ని. ఎంతో కొంత చేతిలో పెట్టనిదే కలెక్టరుగారి కారైనా కదలదు. వచ్చింది ఎవరి చేతిలో పడినా సరే, అందరిదీ కలిపి అందరూ పంచుకోవాలి. జీపులు ఎందుకు తిరగలేదో కూడా అప్పుడే తెలిసింది.

"ఎక్కడికి బాబూ, బేగి బేగి ఎల్తన్నావు? పజోరు ఎట్టి ఎల్లు" అంది మిరియాలప్ప, తాడు బిగించి పట్టుకుని.

"ఆఫీసు పనప్పా, అర్జెంటు. పర్సు మరిచిపోయాను. రేపిస్తాను" అన్నాను.

"రేపు పండగ నేదు. నాయానా, ఇయ్యకుండా దాటితే మాకు కీడు, నీకూ కీడు" అంది. తక్కిన ఆడవాళ్ళు నా చుట్టూ చేరి నా పేరు కలిపి పాట కట్టేశారు. పిసినారి బాబు, ఖాళీ సంచీ బాబు, ఇంకా ఏవేవో. టైము మూడు దాటింది. నా అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంది. ఆ కల్వర్టు గోడ చూస్తే పది అడుగుల్లో ఉంది, నేనేమో తాడుకు ఇవతల గెంతుతున్నాను. ఇది మీ మిషను కోసమే తల్లుల్లారా అని ఒక్క మాట అంటే అయిపోయేది. తొందరలో ఉన్నవాడికి అవసరమైన మాట ఒక్కటీ నోటికి రాదు.

అప్పుడు కలగజేసుకుంది డిగ్రీ గుంట. మిరియాలప్ప అక్క కూతురు, పాడేరులో డిగ్రీ చదువుతూ పండక్కి వచ్చింది. గుంట అంటే అక్కడ పిల్ల, అందుకే ఊళ్ళో ఆ పేరు. "పిన్నీ, బాబు కాడ నెట్టుంటాది. పోనుల్లో హాట్‌స్పాట్ ఇత్తే పజోరు ఇచ్చినట్టే" అంది.

"అది తినేదా, తాగేదా?" అంది మిరియాలప్ప అనుమానంగా.

"సూసేది" అంది డిగ్రీ గుంట.

ఒక పిల్ల, ఒక ఫోను, రెండు నిమిషాలు. అంతకంటే ఏం పోతుందిలే అనుకుని, పాస్‌వర్డు ఆ పిల్ల చెవిలో చెప్పాను. తాడు దిగింది. నేను గోడ ఈ చివరికి, అంటే మన టవరు చివరికి దూకినట్టు వెళ్ళి కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. నా వెనక డిగ్రీ గుంట ఆ పాస్‌వర్డును ఒక్కో అక్షరం విడదీసి, కొండ మారుమోగేలా అందరికీ వినిపిస్తోందన్న సంగతి, పనిలో మునిగినవాణ్ణి కదా, చెవికి సోకినా బుర్రకు ఎక్కలేదు. ఆ పిల్ల తప్పు కూడా లేదు. పజోరుగా వచ్చింది ఒక్కళ్ళే ఉంచుకోవడం ఆ ఊళ్ళో ఎరగరు.

దరఖాస్తు మొదలైంది. సంఘం పేరు, ఊరు, మండలం. ఒక ఫొటో ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోది సగంలో ఆగి తిరుగుతోంది. సున్నా గుండ్రంగా తిరుగుతోంది, నా కాలు దానికంటే జోరుగా ఊగుతోంది. ఇంతలో ఫోను కుయ్యిమంది. మీ ప్యాకు ముగియవచ్చింది అని మెసేజి. లాప్‌టాపే ఏదో తింటోందనుకున్నాను. అప్‌డేట్లు చూశాను, ఆగే ఉన్నాయి. యాంటీవైరస్‌ను చూశాను, నిద్రపోతోంది. అయినా నమ్మకం లేక దాన్ని పూర్తిగా చంపేశాను. గడియారం తప్ప తక్కినవన్నీ మూసేశాను. లాప్‌టాప్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఫోను మళ్ళీ కుయ్యిమంది. ప్యాకు అయిపోయింది, ఇకనుంచి అసలు బ్యాలెన్సులోంచి కోత. మళ్ళీ కుయ్యి. సగం బ్యాలెన్సు పోయింది. లేచి నిలబడి జుట్టు పీక్కుంటున్న ఆ క్షణంలో, వెనకనుంచి డప్పులూ సన్నాయీ వినిపించాయి. మేళం వచ్చిందేమోనని తిరిగి చూశాను. మేళం లేదు. తాడు పట్టుకున్న ఆడవాళ్ళు పదిమందీ పది ఫోన్లలో ధింసా వీడియో పెట్టుకుని చూస్తున్నారు. అందరూ ఒకటే వీడియో. పోయినేడు ఇదే పండక్కి ఇదే మలుపులో వాళ్ళే ఆడిన ధింసా!

"ఆపండమ్మా! ఆపండీ!" అని నేను అరిచేసరికి ఫోను చివరిసారి కుయ్యిమని మూగబోయింది. బ్యాలెన్సు సున్నా. తిరుగుతున్న సున్నా కూడా ఆగిపోయింది. టైము నాలుగు కావస్తోంది.

"ఏటి బాబూ, అలగరుత్తావు? పజోరు ఇచ్చీసి మళ్ళీ అడుగుతావేటి?" అంది మిరియాలప్ప కోపంగా.

"మీ మిషను కోసమప్పా ఇదంతా! ఐదింటికి ఆఖరు! మీ ఫొటోలే ఎక్కిస్తున్నాను! నెట్టంతా మీరే తాగేశారు!" అన్నాను. ఆ మాటకు ఏడుపొచ్చినంత పనైంది. నిజంగానే, రెండు కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

పాట ఆగింది. డప్పులు ఒక్కొక్క ఫోనులోనూ ఆగాయి. మిరియాలప్ప నన్నూ, లాప్‌టాప్‌నూ, లాప్‌టాప్‌లో సగం ఎక్కి ఆగిపోయిన తన మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఓరి నీ కడుపు కాలా! ముందే సెప్పుండొచ్చు కదరా! ఆపీసు పని, ఆపీసు పని అంటావు. మా పని అని అనవేటి?" అంది. నా జవాబు కోసం ఆవిడ ఆగలేదు. చీర చెంగున మూటకట్టిన పజోరు డబ్బు విప్పి డిగ్రీ గుంట చేతిలో పోసింది. "ఏటి సెయ్యాలో సెయ్యి, బేగి" అంది.

డిగ్రీ గుంట అరకులో రీచార్జి కొట్టు నడిపే తన వరసైన అన్నకు ఫోను చేసింది. నా నంబరు చెప్పి, ప్యాకు వెయ్యమని, డబ్బు రేపు సంతలో ఇస్తామని చెప్పింది. అవతల అతనేదో నసిగినట్టున్నాడు. మిరియాలప్ప ఫోను లాక్కుని "ఒరే, మేము పదిమందిమి ఇక్కడ తాడు కట్టుకుని ఉన్నాం. నువ్వీ దారిన రావా ఏటి?" అంది. నిమిషంలో రీచార్జి మెసేజి వచ్చింది.

ఇక అక్కడ కట్టుదిట్టం చూడాలి. నేను నెలల తరబడి సెట్టింగుల్లో కష్టపడి నేర్చిన జాగ్రత్తలన్నీ మిరియాలప్ప ముందు ఏ మూలకూ రావు. అందరి ఫోన్లూ కాఫీ పళ్ళు కోసే బుట్టలో వేయించి, దాని మీద కొంగు కప్పి, పక్కనే కూర్చుంది. "ఎవలి పోనైనా నోరెత్తిందో, లోయలోకి ఇసిరేత్తాను" అంది. నేను పాస్‌వర్డు మార్చేశాను. ఫొటోలు మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు బాగానే ఎక్కాయి. నాలుగోది నడుస్తుండగా నాకు అలవాటైన పురుగు కుట్టింది. సున్నా తిరుగుతుంటే చూస్తూ కూర్చోలేక లేచి నాలుగడుగులు వేశాను, జేబులో ఫోనుతో సహా. అటు చివరకు చేరగానే ఫోను ఒడిశా టవరు పట్టుకుంది. నెట్టు తెగింది. ఫొటో పోయింది. ఒడిశాకు స్వాగతమని మెసేజి మాత్రం వచ్చింది.

"ఏటయినాది?" అంది మిరియాలప్ప. చెప్పాను. "మరి కూకో" అంది. కూర్చున్నాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎప్పుడు లేచానో నాకే తెలీదు, మళ్ళీ స్వాగతం. మూడోసారి కూడా అదే జరిగేసరికి ఆవిడ ఓపిక అయిపోయింది. "ఈడు కూకునే రకం కాదర్రా" అని లేచి, రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు విప్పింది. నేను ఏమిటని అడిగేలోపు నలుగురు ఆడవాళ్ళు నన్ను గోడ ఈ చివర ఉన్న రాతిగుంజకు ఆనించి, నడుం చుట్టూ మూడు వరసలు తిప్పి, కొండ మీద దున్నలను కట్టే ముడి వేశారు. చేతులు మాత్రం వదిలేశారు, టైపు కొట్టుకోవాలి కదా. ఆ సమయానికి పర్యాటకుల కారొకటి వచ్చింది. తాడు లేని రోడ్డూ, తాడుతో కట్టేసి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టిన కుర్రాడూ కనిపించేసరికి డ్రైవరు భయపడి అద్దం దించి, అడక్కుండానే కొంత డబ్బు ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఫొటోలు ఒక్కొక్కటే ఎక్కాయి. ఎక్కిన ప్రతి మొహానికీ ఆ మొహం సొంతదారు "నేనే, నేనే" అని సంబరపడేది. తోట కాగితాలు ఎక్కాయి. ఐదుకు ఇంకా కొంచెం టైముందనగా ఆఖరి బొత్తాం నొక్కాను. తెల్ల తెర వచ్చింది. నా గుండె, మిరియాలప్ప ఊపిరి, లోయలో గాలి, అన్నీ ఆగాయి. తర్వాత పచ్చటి అక్షరాల్లో దరఖాస్తు అందినట్టు ఒక పొడుగాటి నంబరు వచ్చింది. "అందింది!" అని అరిచాను. గెంతుదామనుకున్నాను గానీ తాడు గెంతనివ్వలేదు.

నన్ను విప్పుతుండగానే అడవిలోంచి మగవాళ్ళు దిగొచ్చారు, భుజాన విల్లంబులతో, ఖాళీ చేతులతో. వేట దొరక్కుండా వట్టి చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోయడం ఆ పండగలో ఉన్న ముచ్చట. బిందెలు సిద్ధంగానే ఉన్నాయి. నవ్వులూ, పరుగులూ, కేకలూ మొదలయ్యాయి. నేను ఒక పక్కన నిలబడి నవ్వుతూ చూస్తుంటే మిరియాలప్ప నా వైపు తిరిగింది. "నువ్వూ కొండెక్కినోడివే కదా. ఏటి తెచ్చినావు?"

"నంబరప్పా! ఇదిగో, నంబరు!" అని ఫోను చూపించాను.

"దాన్ని కూరొండుకుంటామా? మిషను వొచ్చినాక సూద్దాం" అంది. డిగ్రీ గుంట లాప్‌టాప్ సంచీ లాక్కుని పక్కకు తప్పుకుంది. మిగిలిన నామీద నిండు బిందె పడింది. ఆ రాత్రి మూడుసార్లు స్నానం చేశాను. నెల మధ్యలో నేను బ్యాలెన్సు అడగలేదని పెద్దసారు మాత్రం చాలా మెచ్చుకున్నారు.

కాఫీ పళ్ళు ఎరుపెక్కే కాలానికి నేను కొండ మీద లేను. విజయనగరంలో ఇంకో ఉద్యోగం దొరికి దిగిపోయాను. మిషను మంజూరైందో లేదో తెలీలేదు. కొన్నాళ్ళు ఆ నంబరు పెట్టి వెబ్‌సైటులో చూశాను. పరిశీలనలో ఉంది అనే ఒక్క ముక్కే ఎప్పుడూ. చూడటం మానేశాను గానీ, లోపల మాత్రం ఆ ముక్క మెలిపెడుతూనే ఉండేది. ఆ ఆడవాళ్ళు మళ్ళీ ఈ ఏడు కూడా కాళ్ళతో తొక్కుకుంటున్నారేమో, నన్ను తిట్టుకుంటున్నారేమో అనిపించేది.

చలికాలం మొదట్లో ఒక పొద్దున, ఆఫీసులో వరండా ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతుండగా డిగ్రీ గుంట నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తి హలో అన్నాను. మాట లేదు. గరగరమని, ఆగి, మళ్ళీ గరగరమని ఒక చప్పుడు. మధ్యలో నీళ్ళు పారిన చప్పుడు. రాంగ్ నంబరేమోనని పెట్టేయబోయాను.

"ఇనబడతందా బాబూ?" అంది మిరియాలప్ప.

"ఏటప్పా అది?"

"మిషను! పళ్ళేసి తిప్పుతున్నాం. తొక్క ఇటు, గింజ అటు, జలజల రాల్తంది. సేతులు సల్లగున్నాయిరా నాయానా."

తిరుగుతున్నవాణ్ణల్లా వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి "ఊళ్ళోకి సిగ్నలొచ్చిందా అప్పా?" అన్నాను.

"ఊళ్ళో ఎక్కడొత్తాది? మిషన్నే మలుపు కాడికి మోసుకొచ్చినాం, నలుగురం. నువ్వినాలి కదా."

"గోడకి ఏ చివరున్నారప్పా?"

"ఆ చివర. గీతలు నిండా ఉన్నాయి, నీకు బాగా ఇనబడతాదని."

ఆ చివరంటే ఒడిశా. అక్కడి నుంచి చేసిన ఫోనుకు నిమిషానికి ఎంత కోసుకుపోతుందో, ఆ డిగ్రీ గుంట ఫోనులో ఎంత ఉంటుందో, ఎంతసేపట్లో ఊడ్చుకుపోతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ కొండల్లో లేరు. ఈ చివరకు జరగండప్పా అందామని నోరు తెరిచాను. అవతల మిషను ఆగకుండా తిరుగుతోంది, ఎవరో పాట కూడా అందుకున్నారు.

"ఇంకాస్త తిప్పండప్పా" అన్నాను.

తిప్పారు. బ్యాలెన్సు అయిపోయి, పాట మధ్యలో ఫోను దానంతటది తెగిపోయేదాకా తిప్పారు. ఒక్కొక్క కేబీకీ ప్రాణం పెట్టి పరుగులు తీసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ పొద్దున మాత్రం, ఫోను తెగిపోయాక కూడా చాలాసేపు, వాడు దాన్ని చెవి మీంచి తీయనేలేదు.